కారు దిగి నాలుగడుగులు

సెలవు దినములు వచ్చినచో మన కుటుంబములు కారులోనో వ్యానులోనో బయలుదేరుట నేడు సర్వసాధారణమైనది. తెల్లవారుజామున విరుదునగరు విడిచి, సాత్తూరు మీదుగా కోవిల్పట్టి చేరి, అచ్చటినుండి కళుగుమలై, రాజపాళయము, శ్రీవిల్లిపుత్తూరు చూచుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చును. ప్రయాణము సుఖమే. కాని ఆ దినమంతయు మనవారు చూచునదేమి? గుడి వాకిలి, హోటలు బల్ల, కారు అద్దము. వీని నడుమనున్న నేలను చూచువారు అరుదు. ఆ నేలమీద మూడు చోట్ల, చోటికి అరగంట చొప్పున, పిల్లలను వెంటబెట్టుకొని నడువవలెనని మా మనవి.

ఇది ఆరోగ్యమునకై మాత్రమే చెప్పు మాట కాదు. మన భాష వంటయింట నిలిచినది, పొలమున నిలువలేదు. ఉప్పు, పప్పు, చింతపండు అను మాటలు ఇంటిలో దినమును వినబడుచున్నవి. దారిప్రక్క పచ్చగా పూచిన దానిని మన పిల్లవాడు ఆవారం అనును. అది తంగేడని ఎరుగడు. నాయురువి తెలియును, ఉత్తరేణి తెలియదు. ఎరుక్కు తెలియును, జిల్లేడు తెలియదు. 2006వ సంవత్సరపు చట్టము వలన బడిలో తమిళము తప్పనిసరియైనది. తమిళము నేర్చుట మనకు లాభమే. తరతరములుగా ఈ గడ్డ అన్నము తిన్నవారము. కాని తెలుగు పేరు బడిలో దొరకదు. అవ్వ నోట ఉన్నది. వ్రేలితో చూపుటకు ఎదుట చెట్టు లేనప్పుడు అవ్వ ఆ మాట ఎందుకు పలుకును?

మొదటి నడక కోవిల్పట్టి కదిరేశన్ గుడి కొండపైకి. ప్రొద్దు పొడుచు వేళ అచ్చట నిలిచి చుట్టును చూచినచో తమిళులు కరిసల్ అనునదియు, మనము నల్లరేగడి అనునదియు ఏమో పిల్లలకు అర్థమగును. వానకు కాలికి అంటుకొని విడువని నేల, ఎండకు నోరు తెరచు నేల. మన పెద్దలు పత్తియు, జొన్నయు, సజ్జయు పండించినది దీనిమీదనే. సమీపమున ఇడైసేవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు, వలసవచ్చిన మనవారి కథను తమిళమున వ్రాసి 1991లో సాహిత్య అకాడెమీ బహుమానమందిరి. ఈ కరిసల్ సీమ తమిళ పలుకుబడులకు నిఘంటువును కూర్చినవారును వారే. 2021లో వారు గతించిరి. మన యిండ్లలోని తెలుగు పలుకులకు అట్టి సేవ చేయుట మన వంతు.

రెండవది కళుగుమలై. బండ కాలకముందే ఎక్కవలెను. కళుగు అనగా గద్ద, రాబందు. కొండను పైనుండి క్రిందికి తొలిచి, పూర్తికాకుండనే విడిచిన వెట్టువాన్ కోవిల ఎనిమిదవ శతాబ్దపు పాండ్యులనాటిది. ఆ ప్రక్కనే బండకు వరుసలుగా చెక్కిన జైన తీర్థంకరుల మూర్తులున్నవి. శిల్పమును చూచిన కన్నులతోనే బండసందున మొలచిన మొక్కను, మీద తిరుగు పక్షిని చూడవలెను. పాలపిట్ట కనబడిన దినము పిల్లలకు పండుగయే.

మూడవది శ్రీవిల్లిపుత్తూరు చెంత శెంబగత్తోప్పు, అనగా సంపెంగతోపు. 1988లో ఇచ్చటి అడవిని బూడిదరంగు బెట్టుడుతకై అభయారణ్యముగా ప్రకటించిరి. 2021లో అది పులుల అభయారణ్యమున చేరినది. కావున అటవీశాఖవారు అనుమతించిన మేరకే నడువవలెను. ఆముక్తమాల్యదకు రంగస్థలము ఈ విల్లిపుత్తూరే కదా! రెక్కలలో తల దూర్చి కాలువలో నిదురించు బాతులను, స్నానము చేసిన విప్రులు మరచిపోయిన వస్త్రములని తలారులు భ్రమించి నీట దిగిరనియు, బాతులు లేచిపోగా పైరు కావలి పడతులు నవ్విరనియు కృష్ణదేవరాయలు వర్ణించెను. ఆ పద్యమును ఆ యూరి గట్టుమీదనే పిల్లలకు వినిపింపగల భాగ్యము హైదరాబాదువారికి లేదు, మనకున్నది.

ఎండ అనియు, మోకాళ్ల నొప్పులనియు, వేళ చాలదనియు కొందరందురు. నడువలేని పెద్దలు క్రింద వేపచెట్టు నీడను కూర్చుండి, పిల్లలు తెచ్చి చూపిన రాలిన ఆకునకు పేరు చెప్పవచ్చును. అదియే ముఖ్యమైన పని. తెలుగునాట కార్తికమున వనభోజనములు చేయుదురు. ఇచ్చట కార్తికము ఈశాన్య ఋతుపవనపు వానకాలము గనుక పుష్య మాఘములు మేలు.

నియమములు కొద్ది. త్రాగునీరు వెంట నుండవలెను. ప్లాస్టిక్ సంచి ఒక్కటియు విడిచిరారాదు. బండలపై పేర్లు చెక్కరాదు. కోతులకు తిండి పెట్టరాదు.

తుదకు ఒక సూచన. ప్రతి కుటుంబమును పిల్లవాని చేతికొక నోటుపుస్తకమిచ్చి, తెలుగు పేరు, తమిళ పేరు, చూచిన చోటు అని మూడు వరుసలు గీయించవలెను. తెలుగు పేరు దొరకనిచో ఆ గడి ఖాళీగా నుంచి, ఊరిలోని వృద్ధులను అడుగవలెను. అట్లు చేరిన మాటలను వారమునకు పదేసి చొప్పున ఈ పత్రికలో ప్రకటించుట సంఘమునకు భారము కాదు. పేర్లు చెప్పగల అవ్వలు, తాతలు ఇంకను మన నడుమ ఉన్నారు. రాబోవు సెలవులనుండియే ఈ పని మొదలుకావలెను.