దీపావళి బోనస్ మీద బుకీ కన్ను

2025 అక్టోబర్ 19 ఆదివారం పొద్దుగాల 9 గంటలకు పెర్త్‌ల ఇండియా, ఆస్ట్రేలియా మొదటి వన్డే. గదే దినం 3 గంటలకు ఇందోర్‌ల ఆడోళ్ల వరల్డ్ కప్, మనోళ్లు ఇంగ్లండ్ మీద ఆడిండ్రు. సోమవారం దీపావళి. గురువారం అడిలైడ్‌ల రెండో వన్డే, అదే పూట నవీ ముంబైల మన ఆడపిల్లలకు న్యూజిలాండ్‌తోని మ్యాచ్. శనివారం సిడ్నీ. నడుమ ప్రొ కబడ్డీ ఉండనే ఉండె. ఏడు దినాల్ల గిన్ని మ్యాచులు. ఆ పండుగకు బొగ్గు గని కార్మికునికి వచ్చిన బోనస్, మస్టర్లు నిండినోళ్లకు 1,03,000 రూపాయలు. రెండూ ఒక్క వారంల పడ్డయి.

సెంటినరీ కాలనీల ఏ చాయ్ హోటల్ కాడ నిలబడ్డా ఇదే ముచ్చట. గిల్ కొత్త కెప్టెన్. రోహిత్, కోహ్లి మార్చి తర్వాత మళ్లా అప్పుడే ఇండియా డ్రెస్సు తొడిగిండ్రు. అవతల కమిన్స్ లేడు, మార్ష్ కెప్టెన్. మన సిరాజ్ ఉన్నడు, నితీశ్ రెడ్డి ఉన్నడు. ఆడోళ్ల టీమ్‌ల కడప పిల్ల శ్రీచరణి ఉన్నది, కని టీమ్ దక్షిణాఫ్రికా మీద, ఆస్ట్రేలియా మీద వరుసగా రెండు ఓడింది. గీ పోరలకు తెల్సినంత క్రికెట్ టీవీల కూసుండి మాట్లాడేటోళ్లకు సుత తెల్వదేమో! ఆట మీద ప్రేమల తప్పేం లేదు. బాధ ఏందంటే, ముచ్చట చివర్ల ఎవడో ఒకడు గొంతు తగ్గించి "రేటెంత నడుస్తుంది?" అంటడు.

ఆ రేటు గురించే చెప్పాలె. బెట్టింగ్ పాపమా పుణ్యమా అనే పంచాయితీ నాకు వద్దు, లెక్క చూద్దాం.

రెండు టీములు సరిసమానం అనుకున్న మ్యాచ్‌ల రేటు 90 పైసలు అంటరు. అంటే వెయ్యి పెడితే గెలిచినప్పుడు 900 వస్తది, ఓడితే వెయ్యీ పోతది. అవతలి టీమ్ మీద పెట్టినోనికి సుత గదే 90 పైసలు. పదిసార్లు పెట్టినవ్, అయిదు గెలిచినవ్, అయిదు ఓడినవ్. బరాబరి అయిందని నువ్వు అనుకుంటవ్. 4500 వచ్చింది, 5000 పోయింది. నీ అంచనా తప్పు కాకున్నా 500 పోయింది. నష్టం లేకుంట బయటపడాలంటే వందల 53 సార్లు గెలువాలె. ఏండ్ల తరబడి వందల 53 గెలిచేటోడు ఈ బెల్ట్‌ల ఎవడన్న ఉన్నడా? ఉంటే బుకీ వాని ఐడీ బంద్ పెడ్తడు, గది వేరే ముచ్చట.

ఇది మన దగ్గరి దొంగ యాపుల మోసమే అనుకోకుండ్రి. అమెరికాల గదే వారం వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ ఏడో వారం మ్యాచులు నడిచినయి. 32 టీములు, 18 వారాల సీజన్. వారం వారం ఎవడు గెలుస్తడో, ఎవడికి మోకాలి దెబ్బ తగిలిందో, వాన పడ్తదో లేదో పేజీలకు పేజీలు రాస్తరు. అక్కడ 2018 మే నెలల సుప్రీంకోర్టు తీర్పుతోని రాష్ట్రాలకు తలుపులు తెరుచుకున్నయి, ఇప్పుడు మస్తు రాష్ట్రాలల్ల ఆటల మీద పందెం చట్టబద్ధం. లైసెన్స్ ఉన్న కంపెనీలు, పన్ను కట్టే కంపెనీలు. వాళ్ల రేటేంది? 110 డాలర్లు పెడితే 100 లాభం. మన లెక్కల 91 పైసలు. అంటే లైసెన్స్ తెచ్చిన తేడా ఒక్క పైస.

వాళ్ల ఇంకో పద్ధతి ఉన్నది, అది తెలుసుకోవాలె. బలమైన టీమ్ ఊకె గెలిస్తే సరిపోదు, ఇన్ని పాయింట్ల తేడాతోని గెలువాలె అని గీత గీస్తరు. బలమైన టీమ్ ఏదో నీకు తెల్సినా గీత గీసినంక రెండు దిక్కులా అవకాశం ఇంచుమించు సగం సగమే. అంటే నీ దగ్గరున్న క్రికెట్ జ్ఞానం, ఫుట్‌బాల్ జ్ఞానం, అవి రేటుల ముందే కలిసి ఉంటయి. కమిన్స్ లేడన్నది నీకు తెల్సేసరికి రేటుకు తెల్సి పాత ముచ్చట అయితది. ఇక మిగిలేది నీ అభిమానం. కోహ్లి ఫిఫ్టీ కొడ్తడా అని 'ఫ్యాన్సీ' పెడ్తరు. కొట్టాలని కోరుకునేటోళ్లు కోట్లల్ల ఉంటరు. ఆ కోరికకే ఎక్కువ ధర కట్టి అమ్ముతరు.

ఇంకా పెద్ద గుంత ఆట నడిచేటప్పుడు ఉంటది. సెప్టెంబర్ 28న దుబాయ్‌ల ఆసియా కప్ ఫైనల్ యాది చేసుకోండ్రి. పాకిస్తాన్ 146 కొట్టింది, మనోళ్లు 20కే మూడు వికెట్లు పోగొట్టుకున్నరు. ఆఖర్ల మన హైదరాబాద్ పిలగాడు తిలక్ వర్మ 69 కొట్టి ఇంకా రెండు బంతులు ఉండంగ గెలిపించిండు. ఆట చూసేటోనికి అది జీవితంల మర్చిపోని రాత్రి. ఫోన్ల ఐడీ ఉన్నోనికి మూడో వికెట్ కాడ ఒకసారి, పదో ఓవర్ కాడ ఒకసారి, పదిహేనుల ఇంకోసారి వేలు వణికిన రాత్రి. వేలు కదిలినప్పుడల్లా నూటికి అయిదు రూపాయల చొప్పున బుకీకి పన్ను.

గీ పన్నును బోనస్‌తోని జోడించి చూడండ్రి. ఐపీఎల్ సీజన్‌ల 74 మ్యాచులు. మ్యాచ్‌కు అయిదారు పందేలు, పందానికి 5000. సీజన్ మొత్తంల 400 పందేలు, తిరిగిన సొమ్ము 20 లక్షలు. అన్ని పైసలు ఉండే అవసరం లేదు, ఒకటే పైస పోతది, వస్తది, మళ్లా పోతది. 20 లక్షలల్ల అయిదు శాతం అంటే లక్ష. అదృష్టం మంచిగున్నా చెడ్డగున్నా సగటున పోయేది లక్ష. ఏడాది పొడుగునా నాగా లేకుంట మస్టర్లు పడితే వచ్చిన దీపావళి బోనస్ గదే లక్ష.

పైసలు సుత అప్పుడే చేతికి వచ్చినయి. కంపెనీకి 2024-25ల 6,394 కోట్ల లాభం వచ్చిందన్నరు, అందుల 4,034 కోట్లు విస్తరణకు పక్కకు పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం, దగ్గర దగ్గర 802 కోట్లు కార్మికుల వాటా అన్నరు. మనిషికి సగటున 1,95,610. కాంట్రాక్ట్ కార్మికునికి 5,500. అసలు లాభం మీద వాటా ఎందుకు కట్టరు అని మనం గేట్ల కాడ కొట్లాడుతున్నం, కొట్లాడాలె. కని కొట్లాడి తెచ్చుకున్న శాతం ఫోన్లకెల్లి ఎటు పోతున్నదో ఏ జెండా గేట్ మీటింగ్‌ల సుత నేను వినలే. పైసలు పోయినంక గిరిగిరి అప్పు, దాని ఎనుక ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి జేబుల, ఇంటి ఆడబిడ్డ పుస్తెలతాడు కుదువల. నాయిన అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం కింద కొలువు ఎక్కిన పోరడు పాతికేండ్లకే ఇట్ల మునిగితే వానికి ముప్పయి అయిదేండ్ల సర్వీస్ వడ్డీ కట్టుటానికే సరిపోతది. రాత్రంత నిద్ర లేనోడు పొద్దుగాల డంపర్ ఎక్కితే ఏమైతదో సేఫ్టీ ఆఫీసర్లకు నేను చెప్పాల్నా?

చట్టం లేదా అంటే మస్తుగున్నది. మన తెలంగాణ 2017లనే పాత 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పైసల ఆటలు బంద్ అన్నది. 2025 మార్చిల పంజాగుట్ట, మియాపూర్ ఠాణాల్ల సినిమోళ్ల మీద, యూట్యూబర్ల మీద ప్రచారం చేసిండ్రని కేసులు పెట్టిండ్రు, అసెంబ్లీల సిట్ అన్నరు. 2025 ఆగస్టుల కేంద్రం కొత్త చట్టం తెచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజులల్ల! అడ్డ తొవ్వల ఆడించేటోనికి మూడేండ్ల జైలు, కోటి జరిమానా. ప్రచారం చేసేటోనికి రెండేండ్లు, 50 లక్షలు. దాని దెబ్బకు టీమ్ జెర్సీ మీది డ్రీమ్11 పేరు పోయింది, ఆసియా కప్ ఏ స్పాన్సర్ పేరూ లేని బట్టలతోనే ఆడిండ్రు. మంచిదే.

కని బుకీకి ఏ దేశంల ఆఫీసో తెల్వదు. వాడు వాట్సాప్‌ల ఐడీ ఇస్తడు, పైసలు ఎవరిదో ఒకరి ఖాతాల వేయమంటడు. ఆ ఖాతా ఎవరిది? మన పోరలదే. నెలకు ఇంత ఇస్తమని చెప్పి పాస్‌బుక్కు, సిమ్ము తీస్కపోతరు. రేపు సైబర్ పోలీసోళ్లు తీగ లాగితే దొరికేది ఆ 5,500 బోనస్ అందుకున్న కాంట్రాక్ట్ కార్మికుని కొడుకే, దుబాయ్ల ఉన్నోడు కాదు. ఖాతా ఇచ్చుడు సాయం కాదు, నేరంల భాగం. గీ ఒక్క ముచ్చట ప్రతి ఇంట్ల ఈ దీపావళికి చెప్పుకోవాలె.

నాకు ఒక అభ్యంతరం ఉన్నది. కేంద్ర చట్టం ఆడినోనికి శిక్ష వేయదు, వాన్ని బాధితుని లెక్క చూస్తం అన్నది. మన రాష్ట్ర చట్టం కింద ఆడినోని మీద సుత కేసు పెట్టొచ్చు. గీ భయంతోని పోరడు ఇంట్ల చెప్పడు, ఠాణకు పోడు, యూనియన్ లీడర్‌కు చెప్పడు. చెప్పనోని అప్పే పెరుగుతది, చెప్పనోడే ఒకనాడు పురుగుల మందు డబ్బా పట్టుకుంటడు. రాష్ట్ర సర్కారు ఆడినోన్ని కేసుల కెల్లి తీసెయ్యాలె. కొందరు మేధావులు అమెరికా తీరు చట్టబద్ధం చేసి పన్ను గుంజుదాం అంటరు, 2018ల లా కమిషన్ సుత ఆపలేకుంటే నియంత్రించండ్రి అన్నది. ఆ ఒక్క పైస తేడా కోసం మన ఏరియాల లైసెన్స్ దుకాణం తెరవాల్నా? నేను ఒప్పుకోను.

కంపెనీకి దవాఖానలు ఉన్నయి, సంక్షేమ అధికారులు ఉన్నరు, ప్రతి గనిల సేఫ్టీ కమిటీ ఉన్నది. అప్పుల చిక్కుకున్న కార్మికుడు పేరు బయటపడకుంట మాట్లాడుటానికి ఆర్జీ-3 ఏరియాల ఒక మనిషిని కూసోబెట్టుడు ఎంత ఖర్చు? గుర్తింపు సంఘం వచ్చే స్ట్రక్చర్ మీటింగ్‌ల ఇది ఎజెండాల పెట్టాలె, మిగిలిన సంఘాలు పెట్టిందా లేదా అని అడగాలె. అప్పటిదాక, పైసలు మోసపోతే 1930కి, మనసు తట్టుకోకుంటే 14416కి ఫోన్ చేయొచ్చు, రెండూ సర్కారువే. ఈ రెండు నంబర్లు అడ్రియాల గేటు కాడ నోటీసు బోర్డు మీద ఉంటే బాగుండు.