పట్టు పట్టిన కార్ఖానా

హైదరాబాద్‌లో బోయిగూడకు కూతవేటు దూరంలోని కవాడిగూడలో 1943లో, ప్రపంచ యుద్ధం సాగుతుండగా, ప్రాగా టూల్స్ కార్ఖానా మొదలైంది. అక్కడ తయారైనవి ఇంట్లో కనిపించే సరుకులు కావు. ఇతర కార్ఖానాలు పని చేయడానికి కావలసిన చక్‌లు, గ్రైండింగ్ యంత్రాలు. చక్ తాళం తిప్పితే మూడు దవడలూ ఒకేసారి కదిలి ఇనుప కడ్డీని నడిమధ్యన కరిచి పట్టుకుంటాయి. బెంచ్ వైస్ చేసేదీ, 1795లో బ్రామా అనే ఇంజినీరు పేటెంటు పొందిన హైడ్రాలిక్ ప్రెస్ చేసేదీ ఇలాంటి పనే: మనిషి చేతి బలాన్ని పదింతలో, వందింతలో పెంచడం. ప్రెస్‌లో చిన్న పిస్టన్ ముఖం కంటే పెద్దదాని ముఖం వైశాల్యం యాభై రెట్లుంటే, పది కిలోల బలం ఐదు వందల కిలోలవుతుంది. ఇక ప్రాగా సంగతికొస్తే, 1969లో సుప్రీంకోర్టు అక్కడి కార్మికుల కేసును విచారించేనాటికి కంపెనీలో కేంద్రానికి 56 శాతం, రాష్ట్రానికి 32 శాతం వాటాలుండేవి. ఇంత ప్రజాధనంతో నడిచిన సంస్థ చరిత్ర కోర్టు తీర్పుల్లోనే మిగిలిపోవడం అన్యాయం. నిజాం కాలపు వస్తువులకు మ్యూజియాల్లో చోటిచ్చిన నగరం ఒక చక్‌కూ, ఒక వైస్‌కూ చోటివ్వలేదా? అక్కడ పనిచేసినవారి ఇళ్లలో పాత క్యాటలాగులు, అప్రెంటిస్ కార్డులు ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. దగ్గరలోని ఇంజినీరింగ్ కాలేజీకి ఇవ్వండి.