లింగమయ్య లోయ దారిలో

చైత్ర పౌర్ణమి దగ్గర పడితే పాలమూరు ఊళ్లలో సలేశ్వరం జాతర మాటే. ఫరహాబాద్ వైపు అడవి దారి ఏడాదిలో ఆ కొద్ది రోజులే జాతర జనానికి తెరుచుకుంటుంది. కొంత దూరం బండి, ఆపైన నడకే. చేతికర్ర ఊతంగా, వస్తున్నామని లింగమయ్యకు కేకేస్తూ, రాళ్లు జారే ఇరుకు దారిలో లోయలోకి దిగుతారు. కింద నిట్టనిలువు కొండగోడ, దాని మీంచి గుండంలోకి దూకే నీళ్లు, పక్కన గుహలో లింగం. పూజారులు ఈ అడవి ఆదివాసులైన చెంచులే. నాకైతే జలపాతం కన్నా ఇదే గొప్ప సంగతి.

పవిత్ర స్థలం మీద అక్కడి ఆదివాసుల మాటే చెల్లిన చోటు ఒకటుంది. ఆస్ట్రేలియా ఎడారిలోని ఉలూరు శిల అనంగు ప్రజలకు పవిత్రం. 1985లో ప్రభుత్వం ఆ నేలను వాళ్లకు తిరిగిచ్చింది. వాళ్లు దాన్ని జాతీయ పార్కుకు లీజుకిచ్చారు. వాళ్ల కోరిక మేరకే 2019 అక్టోబరు 26 నుంచి ఆ శిల ఎక్కడం నిషేధం. సలేశ్వరం ఉన్న మన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచుల మాటకు అంత చెల్లుబాటు ఎక్కడిది? 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. అడవిలోని చెంచు గూడేలను, అంటే పెంటలను, వదిలి బయటికి రమ్మనడమూ ఉంది.

అందుకే ఈసారి ముఖచిత్ర కథనం పెంటల నుంచే మొదలుపెట్టాం. జాతరకు వెళ్లేవాళ్లు అది చదివాకే సంచి సర్దుకోండి. ప్లాస్టిక్ సీసాలు మాత్రం వద్దు.