తేదీ లేని గెలుపు

అప్పీలు నెగ్గిన వికలాంగుడిని, మళ్లీ పరీక్ష ఎప్పుడో చెప్పకుండా ఇంటికి పంపడం అన్యాయం. ఇందులో అటూ ఇటూ తూచి చెప్పాల్సిందేమీ లేదు. ముందు వేసిన శాతం చెల్లదని, డాక్టర్లు మళ్లీ చూడాలని పై అధికారే రాసిచ్చాక, ఆ చెల్లని శాతం పేరు చెప్పి ఆపిన పింఛను ఇంకా ఎందుకు ఆగి ఉండాలి? తప్పు చేసింది కార్యాలయం. దిద్దుకోవడానికి సమయం కావాలంటున్నదీ కార్యాలయమే. ఆ సమయానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం కాలు కదలని మనిషి. తెలంగాణలో 2023 జులైలో 4,016 రూపాయలకు పెంచిన వికలాంగుల పింఛను ఆరు నెలలు ఆగితే 24,096 రూపాయలు. సర్కారు లెక్కల్లో కంటికి ఆనని మొత్తం అది. వనపర్తి జిల్లా పెబ్బేరులో మందుల షాపుకు, కిరాణా కొట్టుకు బాకీ పడిన ఇంట్లో మాత్రం అదే మొదటి లెక్క.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటుందని పేరు. ఆ పేరు వెనక విరిగిన నడుములు, తెగిన వేళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ రాసి పెట్టలేదు. ముంబైకో పుణెకో పోయిన మేస్త్రీ పరంజా మీంచి పడితే, అక్కడే రాడ్డు వేయించి బస్సెక్కిస్తారు. డిశ్చార్జి కాగితం కాంట్రాక్టరు దగ్గర ఉండిపోతుంది. ఎక్స్‌రేలు గది ఖాళీ చేసేటప్పుడు పోతాయి. ఊరికొచ్చాక మీసేవకు పోయి స్లాటు బుక్ చేసుకుని, ఫోనుకు మెసేజ్ వచ్చిన రోజున ఆటో మాట్లాడుకుని, తోడుగా వచ్చే కొడుకు ఆ పూట కూలి మానుకుని క్యాంపుకు పోతే, మొదట అడిగేది ఆ పోయిన కాగితాలే. చివరికి వినబడేది మూడు జిల్లాల్లోనూ అందరికీ తెలిసిన రెండు మాటలు: ‘పర్సంటేజీ రాలే.’

ఆ పర్సంటేజీ ఎలా వస్తుందో, ఎలా రాకుండా పోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. పింఛనుకు గీత 40 శాతం దగ్గర ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగుంటే కేంద్రం మార్గదర్శకాల ప్రకారం 30 శాతం. ఆ మనిషికే చేతిలో 10 శాతం లోపం కూడా ఉందనుకుందాం. ముప్పై, పది కలిస్తే నలభై అని బడికి పోయిన పిల్లవాడైనా చెబుతాడు. మార్గదర్శకాలు అలా కలపవు. 90లోంచి పెద్ద అంకెను తీసేయాలి, 60 మిగులుతుంది. దాన్ని చిన్న అంకె పదితో గుణించి 90తో భాగిస్తే 6.67. దాన్ని ముప్పైకి కలిపితే 36.67. పింఛను లేదు. అదే చేతికి పదికి బదులు పదిహేను రాసి ఉంటే లెక్క సరిగ్గా 40కి వచ్చి ఆగుతుంది. అంటే ఒక కుటుంబానికి నెలనెలా డబ్బు రావడం, రాకపోవడం మధ్య ఉన్నది చేతి మీద ఐదు పాయింట్ల తేడా. మోచెయ్యి ఎంత వంగింది, పిడికిలి ఎంత బిగిసింది అన్నదాన్ని క్యాంపు రద్దీలో, బయట వరస కదలక అరుస్తుంటే కొలిచిన కొలత మీద ఆధారపడిన తేడా. పెబ్బేరు శనివారం సంతలో ఎడ్లు కొనే రైతు కూడా జతను అటూ ఇటూ నడిపించి, కాడి కట్టి చూసిగానీ డబ్బు తీయడు. తమను అంతసేపు కూడా చూడలేదన్నది క్యాంపులకు పోయొచ్చినవారి నోట తరచూ వినే ఫిర్యాదు. లెక్కల సూత్రం తప్పని మేం అనడం లేదు. ఇంత సన్నని గీత పెట్టుకున్న వ్యవస్థలో పొరపాట్లు జరిగి తీరుతాయి కాబట్టి, వాటిని దిద్దే దారి దగ్గరగా, తొందరగా ఉండాలంటున్నాం.

దారి ఉందని చట్టం చెబుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలోని ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచింది. 59వ సెక్షన్‌లో, ధ్రువీకరణ అధికారి నిర్ణయం నచ్చనివారు అప్పీలు చేసుకోవచ్చని చెప్పింది. ఎన్ని రోజుల్లో చేసుకోవాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుందంది. అప్పీలు విన్న అధికారి ఎన్ని రోజుల్లో తేల్చాలన్నదానికి మాత్రం సెక్షన్‌లో ఒక్క మాట లేదు. ఏ పద్ధతిలో తేల్చాలో రాష్ట్రమే చెప్పుకోవాలని వదిలేసింది. గడువు వికలాంగుడికి, వెసులుబాటు అధికారికి. చట్టం రాసినవారు మరిచిపోయారో, కావాలనే వదిలారో తెలియదు. ఆ ఖాళీని పూరించే అధికారం రాష్ట్రాల చేతిలో ఉన్నప్పుడు, ఢిల్లీ వైపు వేలు చూపించే హక్కు వాటికి లేదు.

ఢిల్లీ చేసిందీ తక్కువేమీ కాదు. 2017 నిబంధనల్లో ధ్రువపత్రం సాధ్యమైనంత వరకు నెలలో ఇవ్వాలని ఉండేది. 2024 అక్టోబరు సవరణతో అది మూడు నెలలైంది. రెండేళ్లు దాటినా తేలని దరఖాస్తును, దరఖాస్తుదారుడు వెంటపడలేదనడం వంటి కారణాలతో, నిద్రాణంగా మార్చేయవచ్చని కూడా చేర్చారు. ఆ తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా వైద్యాధికారిని బతిమాలి దాన్ని లేపించుకోవాలి. మంచం దిగలేని మనిషి తన దరఖాస్తు వెంట పడలేదని తప్పు పట్టే నిబంధన ఇది. ఇంతకంటే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు దీని పక్కనే ఆస్తి తగాదాను పెట్టి చూడండి. రోడ్డు పక్క రెండు గుంటల జాగా మీద అన్నదమ్ములు కోర్టుకెక్కారు. పై కోర్టు కింది కోర్టు తీర్పు కొట్టేసి, మళ్లీ విచారించమని తిప్పి పంపింది. ఆ ఉత్తర్వులోనే, ఇరుపక్షాలూ కింది కోర్టు ముందు ఏ రోజున హాజరవ్వాలో తేదీ వేసి తీరాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 26ఏ నిబంధన చెబుతోంది. 1976 సవరణలో చేర్చారు దాన్ని. తిప్పి పంపిన కేసు కట్టల మధ్య పడి కుళ్లిపోతుందని అప్పుడే గ్రహించిన శాసనకర్తలకు ఒక నమస్కారం. జాగా మీద తగాదాకు తేదీ ఉంది. రెండు కాళ్ల మీద తగాదాకు లేదు. ఈ దేశంలో కోర్టులు ఆలస్యానికి పెట్టింది పేరు. ఆ కోర్టుల పాటి నియమం కూడా మన వైద్య బోర్డులకు లేకపోవడం సిగ్గుచేటు.

కృష్ణ దాటి, తుంగభద్ర దాటితే కర్నూలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగింది ఇక్కడివారు జాగ్రత్తగా చదవాలి. ఆ ఏడాది జనవరిలో వికలాంగుల పింఛన్ల తనిఖీ మొదలైంది. నెలకు 15,000 తీసుకునే మంచాన పడ్డవారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి, ఆ తర్వాత 6,000 తీసుకునేవారిని ఆస్పత్రులకు పిలిచారు. ఆగస్టులో లక్ష మందికి పైగా నోటీసులు పోయాయి. ఏళ్ల తరబడి తీసుకుంటున్న పింఛను పోయిందని కాగితం చదివించుకుని తెలుసుకున్నారు జనం. గొడవ ముదిరాక ప్రభుత్వం తగ్గింది. అప్పీలు పెట్టుకున్నవారికి మళ్లీ పరీక్ష తేలేదాకా పింఛను ఇస్తామని ప్రకటించింది. నోటీసుల తీరు ఖండించదగ్గదే. తగ్గిన తీరు మాత్రం సరైనది. ప్రతిపక్షాల ఒత్తిడితో వచ్చినా సరే, అది సూత్రంగా నిలవాలి: తగాదా తేలనంత వరకు డబ్బు మనిషి దగ్గర ఉండాలి, ఖజానాలో కాదు. అప్పీలు పెట్టినంత మాత్రానికే అక్కడ పింఛను కొనసాగినప్పుడు, అప్పీలు నెగ్గినవాడికి కొనసాగకపోవడానికి ఏ ప్రభుత్వమైనా ఏం కారణం చెబుతుంది?

అమెరికాలో ఇటువంటి కేసులు పై మండలి నుంచి మళ్లీ జడ్జి దగ్గరకు తిరిగొచ్చి నెలల తరబడి ఎదురుచూస్తాయి. ఆ విషయంలో వాళ్లను చూసి నేర్చుకోవాల్సిందేమీ లేదు. కానీ అక్కడి సామాజిక భద్రత చట్టంలో ఒక మంచి ఏర్పాటుంది. జడ్జి దరఖాస్తుదారుడికి అనుకూలంగా చెప్పాక 110 రోజుల్లో తుది నిర్ణయం రాకపోతే భృతి మొదలుపెట్టాలి. తర్వాత నిర్ణయం ఎదురు తిరిగినా, మోసం చేసి ఉంటే తప్ప, ఆ డబ్బు వెనక్కి అడగరాదు. ఆలస్యం ఎవరి చేతిలో ఉందో భారం వాళ్ల మీదే పెట్టిన తీరు అది.

దొంగ సర్టిఫికెట్ల మాట వస్తుంది. రావాలి కూడా. నడిచి వచ్చి పింఛను తీసుకునేవారు ప్రతి మండలంలో నలుగురి నోళ్లలో ఉన్నారు. దళారులు ఉన్నారు, సంతకాలు చేసిన డాక్టర్లూ ఉన్నారు. వారి కోసం చట్టంలో 91వ సెక్షన్ ఉంది, రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దాన్ని వాడండి, సంతకం పెట్టిన చేతిని కూడా వదలకండి. అంతేగానీ నిజమైన వికలాంగుడిని నెలల తరబడి నిలబెడితే దొంగ దొరకడు. దొంగకు స్లాటు కొనుక్కునే డబ్బుంటుంది. ఎదురుచూపు దెబ్బ తినేది డబ్బు లేనివాడే.

అప్పీలు వ్యవస్థ లేనప్పుడు ఏం చేయాలో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 15న ఓంకార్ గోండ్ కేసులో చెప్పింది. అది ఎంబీబీఎస్ సీటు తగాదా, పింఛను తగాదా కాదు. అయినా అక్కడ పలికిన మాటలు వైద్య బోర్డులన్నిటికీ వర్తించదగ్గవే. అనర్హుడని చెబితే ఎందుకో కారణాలు రాయాలి. బోర్డు మాట మీద అప్పీలుకు ఒక సంస్థ ఉండాలి. అది వచ్చేదాకా కోర్టు ఆ కేసును పేరున్న వైద్య సంస్థకు పంపి స్వతంత్ర అభిప్రాయం తెప్పించుకోవాలి. డాక్టరు కావాలనుకున్న విద్యార్థి సుప్రీంకోర్టు దాకా పోగలిగాడు. పెబ్బేరు నుంచి పోయి పరంజా మీంచి పడిన కూలీని హైకోర్టు దాకా పొమ్మనడం కూడా వెక్కిరింతే.

మా తీర్పు ఇది. మళ్లీ పరీక్షకు పంపే ప్రతి ఉత్తర్వులో తేదీ, ఆస్పత్రి పేరు ఉండాలి. ఆ తేదీ ముప్పై రోజులు దాటకూడదు. మొదట చూసిన డాక్టర్లు రెండోసారి ఆ బోర్డులో కూర్చోకూడదు. పోయిన శాతం ఎక్కడ పోయిందో, ఏ కీలుకు ఎంత వేశారో తెలుగులో రాసివ్వాలి. మంచం దిగలేనివారి దగ్గరకు బోర్డే పోవాలి. తనిఖీ కోసం ఇళ్లకు పోగలిగినవారు న్యాయం కోసం పోలేమంటే ఎవరూ నమ్మరు. అప్పీలు నెగ్గిన రోజు నుంచే పింఛను మళ్లీ పడాలి.

వీటిలో చాలా వాటికి కొత్త చట్టం అక్కర్లేదు, అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు. సెక్షన్ 59 కింద రాష్ట్రం నిబంధన చేస్తే సరిపోతుంది. అది వచ్చేలోపు మూడు జిల్లాల కలెక్టర్లు ఒక పని చేయవచ్చు. తమ జిల్లాలో అప్పీలు నెగ్గి, మళ్లీ పరీక్ష తేదీ రాని వికలాంగులు ఎందరో, ఎన్ని నెలలుగా ఉన్నారో పేర్లు లేకుండా సంఖ్యలు మాత్రం ప్రతి సోమవారం ప్రజావాణి హాలు గోడ మీద అంటించవచ్చు. ఆగిన ప్రతి నెల పింఛనూ బకాయిగా రాసి, రెండో పరీక్షలో 40 దాటినవారికి ఆగిన నెల నుంచే లెక్కగట్టి చెల్లించాలి.