దెయ్యం ఎవరి బిడ్డ? (భాగం 9)

మొన్న హాస్టల్ పిల్లలతో కూర్చుని 'మసూద' చూశాను. అయిపోయాక ఒక చెల్లె అడిగింది: "అక్కా, హర్రర్ సినిమాల్లో ఆడవాళ్లు ఇప్పుడు మారారు కదా?"

మారారు. కానీ ఏ ఆడవాళ్లు?

'చంద్రముఖి' (2005)లో రాజు ఒక నాట్యకత్తె ప్రియుణ్ణి చంపి, ఆమెను సజీవంగా కాల్చేస్తాడు. నేరం రాజుది. సినిమా అంతా భయపడేది మాత్రం ఆమెకే. 'అరుంధతి' (2009)లో దెయ్యం మగాడైంది, ఎదిరించేది ఆడది. ఇది మార్పే. అయితే ఆమె గద్వాల సంస్థానం బిడ్డ. అరుంధతి మాదిగింటి ఆడబిడ్డ అని మా పెద్దలు కథ చెబుతారు, అందుకే మమ్మల్ని అరుంధతీయులు అంటారు. సినిమాలో మా పేరుంది, మా వాడ లేదు. 'మసూద' (2022)లో కూతురి కోసం కొట్లాడేది మొగుడి తోడు లేని టీచరమ్మ. సంతోషం. కానీ దెయ్యానికి బురఖా తొడిగారు.

కాపాడే ఆడది మారింది. భయపెట్టే ఆడది ఇంకా ఊరి అంచునే ఉంది.

'విరూపాక్ష' (2023) చూడండి. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరు తగలబెడుతుంది. ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో వరుసగా చావులు. చేతబడి చేసేది ఆ జంట కూతురేనని చివర్లో తేలుతుంది. హీరో ఊరిని కాపాడతాడు. కాల్చిన ఊరి అనుమానమే నిజమైనట్టు చూపించారు.

ఇది సినిమానే కదా అనుకోలేను. మా వాడలో ఒక అవ్వ ఆకుపసరు నూరి మందిచ్చేది. ఊళ్లో ఒకరి గొడ్డు చచ్చింది. బాణామతి చేసిందన్నారు. చెట్టుకు కట్టి కొట్టారు. మంత్రం చదవకుండా పళ్లు రాలగొట్టిన ఊళ్లు కూడా తెలంగాణలో ఉన్నాయి. తెర మీద ఆడదాన్ని చంపాక భయపడతారు. మా దగ్గర భయపడి చంపుతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క విషయం రాసిపెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు మన మనిషి మీద మంత్రగత్తె అని నింద వేసి ఒంటికి గానీ మనసుకు గానీ బాధ పెడితే, సెక్షన్ 3(1)(జెడ్‌బి) కింద నేరం. ఆ అవ్వ రోజుల్లో మాకు ఇది లేదు. మీకుంది. స్టేషన్‌లో ఆ సెక్షన్ పేరు చెప్పి మరీ ఫిర్యాదు రాయించండి.

సినిమాలు చూడొద్దనను, నేనూ చూస్తాను. దెయ్యం కనబడగానే మాత్రం ఈమెను చంపిందెవరని పక్కవాళ్లను అడగండి.

జై భీమ్.