పాఠం చూసే గంట పనిగంట కాదా?



టాటానగర్ స్టేషను ప్రక్కనున్న బాగ్‌బేరా రైల్వే కాలనీలో గత నెల ఒక తెలుగు పాయింట్స్‌మన్ ఇంటికి వెళ్ళాను. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఆ సోదరుడు నిద్రపోలేదు. సెల్‌ఫోన్‌లో పాఠం చూస్తున్నాడు. "రిఫ్రెషర్ కోర్సుకు వెళ్ళేలోగా పన్నెండు వీడియోలు చూసి రమ్మన్నారు అన్నగారూ. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు. ఎప్పుడు చూడాలో మాత్రం ఆర్డరులో లేదు" అన్నాడు.

ఈ పద్ధతికి ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అని పేరు. బోధకుడు తన కంప్యూటరు తెరను, గొంతును రికార్డు చేస్తాడు. నేర్చుకొనేవాడు ఇంటివద్ద చూసి వస్తాడు. తరగతిలో సందేహాలు, అభ్యాసము సాగుతాయి. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వుడ్‌లాండ్ పార్క్ హైస్కూలు ఉపాధ్యాయులు జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్, బడికి రాలేకపోయిన పిల్లలకోసం పాఠాలను ఇట్లు రికార్డు చేయనారంభించారు. మిగిలిన తరగతి సమయాన్ని విద్యార్థుల ప్రక్కన కూర్చుండి నేర్పుటకు వినియోగించారు. వారు తరగతిని కుదించలేదు. మనవద్ద కొందరు అధికారులు వీడియోను మాత్రం స్వీకరించి, తరగతి దినాలకు కోత పెట్టజూస్తున్నారు!

"ఇరవై నిమిషాలకు ఇంత రభస ఎందుకు?" అని అడుగుతారు. పన్నెండు పాఠాలు కలిపితే 4 గంటలు. రోజుకు 4 గంటల పనికి భత్యం పొందే గ్రామీణ డాక్ సేవకునికి అది ఒక పూర్తి దినపు పని. తపాలా శాఖలో డాక్ కర్మయోగి పోర్టల్ 2022 జూన్ 28న ప్రారంభమైనది. ఇటువంటి పాఠాలు ఇకమీదట పెరుగునే గాని తరుగవు.

రికార్డు చేసే ఇన్‌స్ట్రక్టరు గతి కూడా ఇంతే. ఇరవై నిమిషాల పాఠానికి ముందు గంటలకొద్దీ తయారీ ఉన్నది. క్వార్టర్సులో రాత్రివేళ రికార్డు చేస్తుండగా గూడ్సు కూత వినబడితే మళ్ళీ మొదలు. ఆ శ్రమ ఏ రోస్టరులో చేరినది?

మనము యంత్రానికి విరోధులము కాము. అర్థం కాని చోట ఆపి, మరల వినగల పాఠం మంచిదే. కాని 1989 రైల్వే చట్టం 133వ సెక్షను కంటిన్యువస్ తరగతి ఉద్యోగికి వారానికి ఎడతెగని 30 గంటల విశ్రాంతి ఇవ్వవలెనన్నది. ఆ విశ్రాంతి భిక్ష కాదు, ప్రయాణికుల ప్రాణరక్షణ. నిద్రలేని చేయి పాయింటు మార్చితే, అతడు చూసిన పన్నెండు పాఠాలు బండిని కాపాడవు. 1974 మే సమ్మెలో ఎనిమిది గంటల పనిదినం కోసం జైళ్ళకు వెళ్ళిన తరానికి వారసులమైన మనము, ఆ గంటలను సెల్‌ఫోన్ ద్వారా తిరిగి అప్పగించరాదు.

కావున మన డిమాండ్లు:

1. పాఠం చూసే కాలాన్ని డ్యూటీగా లెక్కించవలెను.
2. రికార్డింగుకు ఇన్‌స్ట్రక్టర్లకు పనిగంటలు, పరికరాలు ఇవ్వవలెను.
3. వీడియోల పేరిట తరగతి దినాలను తగ్గించరాదు.

ప్రతి బ్రాంచి ఈ నెలలోనే సమావేశమై, పాఠాలకు పట్టిన గంటలను తేదీలతో వ్రాసి పంపవలెను. లెక్క లేనిదే హక్కు నిలువదు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!