పోర్టు దగ్గర పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.. మరి ‘సర్వర్ డౌన్’ ఎందుకు?

ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవ కేంద్రానికి వెళ్తారు. గంటసేపు క్యూలో నిలబడ్డాక కౌంటర్ దగ్గర వినిపించే మాట: ‘సర్వర్ డౌన్ అండీ, రేపు రండి’. కంప్యూటర్ వెనక కేబుల్ పెట్టిన చోట మాత్రం చిన్న పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. అంటే నెట్ ఉన్నట్టే కదా?

కాదు. ఆ లైటు చెప్పేది ఒక్కటే: ఈ కేబుల్ అవతలి కొసన ఉన్న పెట్టె పనిచేస్తోందని. ఆ పెట్టె తరచూ అదే గదిలో ఓ మూలన ఉండే స్విచ్. దాని తర్వాత రోడ్డు మీద ఫైబర్ తెగినా, ఎక్కడో సర్వర్ ఆగిపోయినా ఈ లైటు ఆరదు.

అవతల ఎవరో ఉన్నారని పోర్టుకు ఎలా తెలుస్తుంది? 10 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ రోజుల్లో డేటా లేకపోయినా రెండు వైపుల నుంచీ సుమారు 16 మిల్లీసెకన్లకో చిన్న పల్స్ వెళ్లేది. ‘ఉన్నావా’ అంటే ‘ఉన్నా’ అన్నట్టు. 1995లో వచ్చిన ప్రమాణంతో ఆ ఒక్క పల్స్ స్థానంలో పల్స్‌ల గుత్తి వచ్చింది. ఒక్కో గుత్తిలో 16 బిట్ల సమాచారం ఉంటుంది: నేను ఇంత వేగం అందుకోగలను అని. రెండూ పోల్చుకుని, ఇద్దరికీ కుదిరే గరిష్ఠ వేగాన్ని ఎంచుకుంటాయి. కేబుల్ గుచ్చాక లైటు రావడానికి ఒకటి రెండు సెకన్లు పట్టేది ఈ బేరం వల్లే. ఆ తర్వాత, పంపడానికి ఏమీ లేకున్నా సిగ్నల్ నడుస్తూనే ఉంటుంది. అది ఆగితే లింక్ పోయినట్టు.

ఇంట్లో వాళ్లకూ ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి (కొన్నింట్లో లింకే రాదు). 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతున్నా స్పీడ్ టెస్ట్ 95 దగ్గరే ఆగుతోందా? కంపెనీకి ఫోన్ చేసే ముందు కేబుల్ మార్చి చూడండి.

కౌంటర్ దగ్గరైతే అడగాల్సింది ఇది: లైటు వెలుగుతోందా, వేరే వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయా? లైటే లేకపోతే లోపం ఆ గదిలోనే. కేబులో, స్విచ్చో, కరెంటో. క్లిప్ విరిగి వదులైన కనెక్టర్‌కు టేపు చుట్టిన ఆఫీసులు మనకు కొత్త కాదు. దాన్ని బాగు చేయడానికి రేపటిదాకా ఆగక్కర్లేదు. లైటు ఉండీ ఏ సైటూ రాకపోతే ఫైబర్ పెట్టె చూడమనండి. దాని మీద ‘ఎల్ఓఎస్’ ఎర్రగా కనిపిస్తే తప్పు బయటి లైన్‌ది. మిగతా సైట్లన్నీ వచ్చి పోర్టల్ ఒక్కటే రాకపోతే, అప్పుడు ‘సర్వర్ డౌన్’ మాట నమ్మొచ్చు.